స్టీరింగ్ కాలమ్ చేసే మూడో పని

జూబ్లీహిల్స్ పేరులోనే కొండలున్నాయి. చెక్‌పోస్టు దగ్గర నిలబడి చూస్తే ఒక రోడ్డు కిందికి జారుతుంది, ఇంకొకటి పైకి ఎక్కుతుంది. ఫిల్మ్‌నగర్ వైపు వెళితే బండరాళ్ళ మధ్య నుంచి మలుపు మీద మలుపు. ఈ గుట్టల మీదికే మన తెలుగు సినిమా మద్రాసు నుంచి కొద్దికొద్దిగా తరలివచ్చింది. దగ్గరలోని బంజారాహిల్స్‌లో 1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలైంది. తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. ఫిల్మ్ ఛాంబరు కూడా ఫిల్మ్‌నగర్‌లోనే ఉంది.

సినిమా ఉన్నచోట పాత కార్లకు గిరాకీ ఉంటుంది. 1960ల నాటి కథ తీయాలంటే ఆనాటి అంబాసిడరో, ఫియటో, జీపో కావాలి కదా! సినిమా అవసరం కోసం కొందరు, పాత వస్తువుల మీద ప్రేమతో కొందరు తుప్పు పట్టిన కార్లు కొని, విప్పి, బాగుచేసి, రంగు వేసి మళ్ళీ నడిపిస్తున్నారు. పారేయవలసిన యంత్రానికి ప్రాణం పోయడం మంచి పనే. దాన్ని నేను కాదనను. అలాంటి ఇళ్ళలో పెరిగే విద్యార్థులు పుస్తకంలో లేని భౌతికశాస్త్రం ఎంతో నేర్చుకుంటారు.

అయితే ఆ కారులో ఒక భాగం ఉంది. దాని మీద చెయ్యి వేసేముందు మాత్రం రెండుసార్లు కాదు, పదిసార్లు ఆలోచించాలి. అదే స్టీరింగ్ కాలమ్. దాన్ని కోసి పొట్టి చేయడం, అతుకు పెట్టి పొడవు చేయడం, వంపు మార్చడం, చక్రం మార్చడం ఇప్పుడు ఒక సరదా అయింది. ఈ సరదాను సైన్సు ఎంతవరకు ఒప్పుకుంటుందో, ఎక్కడ ఒప్పుకోదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాలమ్ అంటే ఏమిటి?

మోటారు కార్లు పుట్టిన కొత్తలో వాటికి గుండ్రని స్టీరింగ్ చక్రమే లేదు. పడవకు చుక్కాని ఉన్నట్టు ఒక కర్ర పిడి ఉండేది. దాన్ని అటూ ఇటూ నెట్టి బండిని మళ్ళించేవారు. 1894లో ఫ్రాన్సులో పారిస్ నుంచి రూఆన్ వరకు జరిగిన పందెంలో వాషరాన్ అనే ఆయన తన పాన్హార్ కారుకు గుండ్రని చక్రం అమర్చుకున్నాడు. క్రమంగా అందరూ ఆ దారి పట్టారు.

చక్రం డ్రైవరు చేతిలో ఉంటుంది. తిరగవలసిన టైర్లు ముందు, కింద ఉంటాయి. ఈ రెంటినీ కలిపేదే స్టీరింగ్ కాలమ్. లోపల ఒక ఉక్కు షాఫ్టు, దాని చుట్టూ ఒక గొట్టం, ఆ గొట్టాన్ని డ్యాష్‌బోర్డుకు పట్టి ఉంచే బిగింపులు, షాఫ్టు సులువుగా తిరగడానికి బేరింగులు లేదా బుష్‌లు ఉంటాయి. షాఫ్టు కింది కొసన పళ్ళచక్రాల పెట్టె ఉంటుంది. చేతి తిప్పుడు ఆ పెట్టెలోకి చేరి, అక్కడి నుంచి కడ్డీల ద్వారా టైర్లకు అందుతుంది.

ఈ కాలమ్ చేసే పని ఏమిటని తరగతిలో అడిగితే “టైర్లు తిప్పుతుంది సార్” అని అందరూ ఒక్కసారిగా అంటారు. నిజమే, కాని అది మొదటి పని మాత్రమే. రెండోది, చక్రాన్ని కదలకుండా, ఊగకుండా తన చోట నిలబెట్టడం. మూడోది, ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు ఛాతీకి అడ్డంగా నిలబడకుండా లొంగిపోవడం. తిప్పాలి, నిలబెట్టాలి, లొంగాలి. మొదటి రెండు పనులూ రోజూ కనిపిస్తాయి. మూడోది జీవితంలో ఒక్కసారి కూడా కనిపించకపోవచ్చు. అందుకే పాత కారు మీద పనిచేసేవాళ్ళు దాన్ని మరచిపోతారు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ మరపు గురించే.

సినిమాలో స్టీరింగ్ కూడా నటిస్తుంది

వెండితెర మీద కథానాయకుడు ఒంటిచేత్తో చక్రం గిర్రున తిప్పుతాడు. కారు పల్టీ కొడుతుంది. ఆయన దుమ్ము దులుపుకుని దిగుతాడు. చూసిన మనకు కూడా అలా చేయాలనిపిస్తుంది. కాని తెర వెనక జరిగేది వేరు.

పాత సినిమాల్లో కారు స్టూడియోలోనే కదలకుండా నిలబడి ఉండేది. వెనక తెర మీద రోడ్డు బొమ్మ కదిలేది. ఇద్దరు మనుషులు కారును కొంచెం ఊపేవారు. నటుడు చక్రాన్ని అటూ ఇటూ తిప్పితే టైర్లు ఎక్కడికీ వెళ్ళేవి కావు. తరువాత కారును తక్కువ ఎత్తు ట్రెయిలరు మీద ఎక్కించి, ముందు ఇంకో బండితో లాగుతూ తీయడం వచ్చింది. అక్కడ కూడా నటుడి చేతిలోని చక్రానికి పని లేదు. ఇంకో పద్ధతిలో అసలు డ్రైవరు కారు పైకప్పు మీద అమర్చిన బోనులాంటి సీటులో కూర్చుంటాడు. స్టీరింగు, బ్రేకు, ఆక్సిలరేటరు అన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. కింద కూర్చున్న నటుడు తిప్పే చక్రం ఉత్త అలంకారం. కెమెరా పైకప్పును చూపించదు, అంతే!

అంటే సినిమా కారులో స్టీరింగ్ కాలమ్ కూడా ఒక నటుడే అన్నమాట. దాన్ని కోస్తారు, విడదీస్తారు, ఇంకోచోట పెడతారు. ఆ బండి నడిచేది కట్టుదిట్టం చేసిన చోట, తక్కువ దూరం, అనుభవం ఉన్నవాళ్ళ పర్యవేక్షణలో. ఇదంతా ఒప్పుకోదగ్గదే.

ఇంకొక సంగతి కూడా చూడండి. 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ సినిమాలో బుజ్జి అనే వింత వాహనం ఉంది కదా. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక బంతిలాంటి ఒక గోళం, బరువు సుమారు 6 టన్నులు. దాన్ని తయారుచేయాలనుకున్నప్పుడు దర్శకుడు నాగ్ అశ్విన్ ఏం చేశారు? 2022లో పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రాను అందరూ చూస్తుండగానే సహాయం అడిగారు. మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ వారు కలిసి ఆ బండిని తయారుచేశారు. అద్భుతాలు కల్పించే సినిమావాళ్ళే, నిజంగా నడవవలసిన బండి కావలసివచ్చేసరికి లెక్కలు తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. మనం నేర్చుకోవలసింది పల్టీలు కాదు, ఈ జాగ్రత్త.

మొదటి పని: తిప్పడం

పాత కార్ల చక్రం పెద్దదిగా ఉంటుంది. అది చూడటానికి మోటుగా ఉందని చిన్న చక్రం వేయించుకుంటారు. దీని సంగతి మీ పాఠంలోనే ఉంది. తిప్పే ప్రభావం, అంటే భ్రామకం, రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి బలం, రెండోది ఇరుసు నుంచి ఆ బలం పనిచేసే చోటికి ఉన్న దూరం. ఉదాహరణకు 40 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం తీసి 32 సెంటీమీటర్లది వేశారనుకోండి. అదే భ్రామకం రావాలంటే చేతులు పెట్టే బలం 40/32, అంటే 1.25 రెట్లు కావాలి. పావు వంతు ఎక్కువ శ్రమ. పవర్ స్టీరింగు లేని పాత కారును ఫిల్మ్‌నగర్ మలుపులో మెల్లగా ఎగువకు తిప్పుతున్నప్పుడు ఈ పావు వంతు ఏమిటో భుజాలకు తెలుస్తుంది. పెద్ద చక్రం పెట్టిన ఆనాటి ఇంజనీరుకు అందం తెలియక కాదు, లెక్క తెలిసి పెట్టాడు.

షాఫ్టు సంగతి ఇంకా ముఖ్యం. గుండ్రని కడ్డీని మెలిపెడితే తట్టుకునే బలం దాని వ్యాసం ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ బదులు అదే లోహంతో చేసిన 16 మిల్లీమీటర్ల కడ్డీ పెడితే వ్యాసం అయిదో వంతు మాత్రమే తగ్గింది. బలం ఎంత తగ్గింది? 0.8 ఘనం 0.512. దాదాపు సగానికి పడిపోయింది! కంటికి కొంచెమే తేడా, లోహానికి చాలా తేడా. “ఇదీ కడ్డీయే, అదీ కడ్డీయే” అనే మాట అందుకే ప్రమాదకరం.

అతుకు దగ్గర ఇంకొక చిక్కు ఉంది. బట్టల కొట్టువాడు గుడ్డ చింపేటప్పుడు ఏం చేస్తాడో చూశారా? అంచున కత్తెరతో చిన్న గంటు పెడతాడు. తరువాత రెండు చేతులతో లాగితే గుడ్డ ఆ గంటు నుంచే సర్రున చినుగుతుంది. లోహం కూడా అంతే. వ్యాసం ఒక్కసారిగా మారిన చోట, సరిగా నిండని వెల్డింగు అంచున బలమంతా పోగుపడుతుంది. పైగా వెల్డింగు వేడికి పక్కనున్న ఉక్కు గుణం మారిపోతుంది. అది గట్టిపడి పెళుసుగా అయినా కావచ్చు, మెత్తబడినా కావచ్చు. ఒక తీగను అదే చోట అటూ ఇటూ పదేపదే వంచితే తెగుతుంది కదా. అలాగే షాఫ్టు కూడా వేలసార్లు మెలిపడి, కంటికి కనిపించని పగులు మెల్లగా పెరిగి, ఒకరోజు తెగుతుంది. దీన్ని లోహపు అలసట అంటారు. మొదటి రోజు బాగానే తిరిగింది కనుక అతుకు మంచిదే అనుకోవడానికి వీల్లేదు.

మీరే చేసి చూడవచ్చు. రెండు చాక్‌పీసులు తీసుకోండి. ఒకదాని నడుమ మేకుతో చుట్టూ చిన్న గంటు గీయండి. రెంటినీ చేతులతో మెలిపెట్టండి. గంటు ఉన్నది తక్కువ శ్రమతో, సరిగ్గా గంటు దగ్గరే విరుగుతుంది.

రెండో పని: నిలబెట్టడం

మన పాత అంబాసిడర్లలో, ప్రీమియర్ పద్మినీలలో గేరు కడ్డీ నేల మీద ఉండేది కాదు. స్టీరింగ్ చక్రం కింద కాలమ్‌కే ఉండేది. అందువల్ల ముందు సీటు పొడవాటి బెంచీలా ఉండి ముగ్గురు కూర్చునేవారు. తరువాత గేరు నేల మీద ఉండటమే నాగరికమనే అభిప్రాయం వచ్చింది. కాలమ్ మీది గేరు తీసేసి కిందికి మార్పించుకునేవారున్నారు. ఇలా మార్చినప్పుడు కాలమ్‌కు తగిలించి ఉన్న కడ్డీలు, పట్టీలు ఊడదీస్తారు. వాటితోపాటు గొట్టాన్ని బిగించి ఉంచిన ఆసరా ఏదైనా పోతే చక్రం ఊగడం మొదలుపెడుతుంది. చక్రం ఊగితే డ్రైవరు చేసే చిన్న సవరణలు టైర్లకు సరిగా అందవు. బండి ఎటు పోతోందో చేతికి తెలియదు.

కాలమ్ వంపు మార్చేవాళ్ళు షాఫ్టు మధ్యలో విరుపుకీలు వేస్తారు. దీన్నే యూనివర్సల్ జాయింటు అంటారు. వంపు ఉన్నా తిప్పుడును అందించే ఈ కీలు చాలా తెలివైన పరికరం. అయితే దానికొక గుణముంది. షాఫ్టులు రెండూ 30 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు ఒకదాన్ని సమవేగంతో తిప్పితే రెండోది సమవేగంతో తిరగదు. ఒక చుట్టులోనే దాని వేగం 0.87 రెట్ల నుంచి 1.15 రెట్ల వరకు మారుతుంది. ఒకచోట బరువుగా, ఒకచోట తేలికగా తిరుగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. దీనికి విరుగుడు రెండు కీళ్ళు వేయడం. కోణాలు సమానంగా ఉండాలి, నడిమి షాఫ్టు రెండు కొసల్లోని చీలికలు ఒకే వరుసలో ఉండాలి. అప్పుడు ఒక కీలు తెచ్చిన తేడాను రెండోది సరిచేస్తుంది. వరుస తప్పితే తేడా తగ్గకపోగా పెరుగుతుంది! చూడండి, ఒక కీలును ఎటు తిప్పి బిగించాలి అన్న చిన్న విషయంలో కూడా ఎంత త్రికోణమితి ఉందో.

మూడో పని: లొంగడం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1950లలో, 60లలో తయారైన చాలా కార్లలో షాఫ్టు ముందు భాగం నుంచి డ్రైవరు దాకా ఒకే నిటారు ఉక్కు కడ్డీ. పాత విల్లీస్ జీపులోనైతే పళ్ళపెట్టె బాగా ముందు, ఇరుసుకు దగ్గరగా ఉండేది. బండి ముందు భాగం దేనికైనా గుద్దుకుంటే ఏమవుతుంది? నలిగిన ముందు భాగం ఆ కడ్డీని వెనక్కి నెడుతుంది. జడత్వం వల్ల డ్రైవరు ముందుకు వస్తాడు. మధ్యలో బల్లెంలా కడ్డీ! ఎన్నో వేల మంది ఛాతీ గాయాలతో పోయింది ఇలాగే.

లెక్క వేద్దాం. 60 కిలోల మనిషి గంటకు 48 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 13.3 మీటర్ల వేగంతో వెళుతున్నాడు. అతని గతిజ శక్తి సుమారు 5,300 జౌళ్ళు. సుమారు 9 మీటర్ల ఎత్తున, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి పడితే నేల తాకేటప్పుడు ఉండే శక్తి అంత! ఈ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. శక్తిని ఆగిన దూరంతో భాగిస్తే సగటు బలం వస్తుంది. 3 సెంటీమీటర్లలో ఆగితే ఒక బలం. 15 సెంటీమీటర్లలో ఆగితే అందులో అయిదో వంతే. క్రికెట్ ఆటగాడు బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాడే, అదే సూత్రం. కాలమ్ కూడా అలా వెనక్కి తగ్గగలిగితే?

ఇంజనీర్లు అదే చేశారు. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1967 మోడల్ కార్లలో ఒత్తిడికి మడతలుపడి పొట్టి అయ్యే కాలమ్ పెట్టింది. 1968 జనవరి 1 నుంచి అక్కడి ప్రభుత్వం కొత్త కార్లలో డ్రైవరు దెబ్బను కాలమ్ మెత్తగా తీసుకోవాలని, గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దినా కాలమ్ 127 మిల్లీమీటర్లకు మించి వెనక్కి రాకూడదని నియమం పెట్టింది. 1981లో అక్కడి రవాణా భద్రతా సంస్థ లెక్కలు తీసింది. ముందు నుంచి గుద్దుకున్న ప్రమాదాలలో డ్రైవరు చనిపోయే ముప్పు ఈ ఒక్క మార్పు వల్ల సుమారు 12 శాతం తగ్గిందని తేలింది. ఇప్పటి కార్లలో సీటు బెల్టు, గాలి సంచి, లొంగే కాలమ్ మూడూ కలిసి పనిచేస్తాయి.

ఇది ఎలా లొంగుతుంది? మడత గొడుగు కాడ చూడండి. ఒక గొట్టంలోకి ఇంకొక గొట్టం జారుతుంది. కాలమ్‌లో కూడా అంతే. మామూలుగా అది జారకుండా చిన్న ప్లాస్టిక్ మేకులో, మరొక బిగింపో పట్టి ఉంచుతాయి. పెద్ద దెబ్బ తగలగానే అవి తెగి, గొట్టం గొట్టంలోకి దూరిపోతుంది. కొన్నింటిలో గొట్టమే వలలా అల్లి ఉండి నలిగిపోతుంది. షాఫ్టును రెండు కీళ్ళతో వంకరగా అమర్చడం వల్ల కూడా బల్లెంలా సూటిగా రాకుండా పక్కకు ముడుచుకుంటుంది.

మరి అటువంటి కాలమ్ ఒకటి పాత ఇనుప సామాన్ల కొట్టులో కొని తెచ్చి పాత జీపుకు వేశారనుకోండి. పొడవు చాలలేదు. ఏం చేస్తారు? లాగి, కావలసిన చోట నిలిపి, జారే చోటనే వెల్డింగు పెట్టేస్తారు. “గట్టిగా బిగించాం సార్, ఏనుగు లాగినా ఊడదు” అని గర్వంగా చెప్పే మెకానిక్కులను నేను చూశాను. వాళ్ళ చేతి నైపుణ్యాన్ని నేను తక్కువ చేయను. బడిలో ఇనుము వ్యాకోచం నేర్చుకుని, షెడ్డులో దాన్ని చేతులతో తెలుసుకున్నవాళ్ళు వాళ్ళు. కాని ఇక్కడ గట్టిదనమే దోషం. ప్రాణం కాపాడటానికి లొంగాలని ఎంతో శ్రమపడి చేసిన వస్తువును మళ్ళీ బల్లెం చేసేశారు. పైకి కొత్త కాలమ్, లోపల 1950ల ప్రమాదం.

ఇమోలాలో జరిగింది

తెలియనివాళ్ళు చేస్తేనే ఇలా అవుతుందని అనుకోకండి. 1994 మే 1న ఇటలీలోని ఇమోలాలో జరిగిన ఫార్ములా వన్ పందెంలో బ్రెజిల్‌కు చెందిన అయర్టన్ సెనా చనిపోయాడు. మూడుసార్లు ప్రపంచ విజేత ఆయన. కారులో చేతులకు చోటు చాలడం లేదని ఆయన కోరితే, జట్టువారు స్టీరింగ్ కాలమ్‌ను కోసి, తక్కువ వ్యాసం ఉన్న ముక్కను మధ్యలో వెల్డింగు చేశారు. ప్రమాదం తరువాత ఆ కాలమ్ విరిగి కనిపించింది. అది విరగడం వల్ల కారు గోడకు తగిలిందా, గోడకు తగలడం వల్ల అది విరిగిందా అన్నదానిపై ఏళ్ళ తరబడి వాదాలు నడిచాయి. మార్పు సరిగా రూపొందించకపోవడం వల్ల కాలమ్ విరిగిందని, అదే ప్రమాదానికి కారణమని 2007లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. అప్పటికి గడువు మీరిపోవడంతో ఎవరికీ శిక్ష పడలేదు. గుద్దుకున్నప్పుడే విరిగిందన్నది జట్టువారి వాదన. తలకు తగిలిన ప్రాణాంతకమైన దెబ్బ మాత్రం ఊడివచ్చిన చక్రం, దాని కడ్డీల వల్ల తగిలిందంటారు.

ఎవరి వాదన నిజమైనా మనకు ఒక పాఠం మిగులుతుంది. ప్రపంచంలో మేటి ఇంజనీర్లు, మేటి పరికరాలు ఉన్నచోట కూడా, చేతులకు కొంచెం చోటు కోసం చేసిన అతుకు ఇంత పెద్ద ప్రశ్న అయి కూర్చుంది. రోడ్డు పక్క షెడ్డులో ఏ పరీక్షా లేకుండా పెట్టిన అతుకు మీద మనం ఎంత నమ్మకం పెట్టుకోవాలి?

ఎదురు ప్రశ్నలు

“మా తాతగారు ఆ పాత కాలమ్‌తోనే నలభై ఏళ్ళు నడిపారు, ఏమైంది?” అని కొందరంటారు. ఏమీ కాలేదు, సంతోషమే. కాని గుద్దుకోని కారులో మూడో పని అవసరం రాలేదు, అంతే. వాన పడని రోజున గొడుగుకు చిల్లి ఉన్నా తెలియదు. పైగా తాతగారి రోజుల్లో చెక్‌పోస్టు దగ్గర ఇన్ని బండ్లు, ఇంత వేగం లేవు.

“అయితే అసలు రూపం పాడవుతుంది కనుక ఏదీ మార్చకూడదు” అని ఇంకొందరంటారు. ఇందులో కొంత న్యాయం ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. దాని మీద ఎవరూ రంపం పెట్టకూడదు. అది చరిత్ర. కాని అది రోజూ రోడ్డెక్కే బండి కాదు. చరిత్రగా ఉంచదలచుకున్న కారును ఉన్నదున్నట్టు ఉంచి, ఎప్పుడో ఒకసారి ప్రదర్శనకు మెల్లగా తీసుకువెళ్ళండి. రోజూ పిల్లలను ఎక్కించుకుని తిరగదలిస్తే, భద్రత పెంచే మార్పు మాత్రం చేయించండి. కాలమ్ లోపల ఉంటుంది కనుక పై అందానికి వచ్చే లోటు కూడా పెద్దగా ఉండదు.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చు. 2021 జులైలో 50 ఏళ్ళు దాటిన బండ్లకు ప్రత్యేక నియమాలు వచ్చాయి. చట్రం, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉంచినవాటికి ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తిప్పవచ్చు, రోజువారీ పనులకు తిప్పకూడదు.

మూడు రకాలు, మూడు నియమాలు

కాబట్టి నా అభిప్రాయం ఇది. మొదటి రకం ప్రదర్శన కారు. దాన్ని మార్చవద్దు, రోజూ నడపవద్దు. రెండో రకం సినిమా కారు. కథకు కావలసినట్టు మార్చుకోండి, కాని షూటింగు అయ్యాక అదే కారును ఎవరికో అమ్మి రోడ్డు మీదికి వదలవద్దు. కోసిన కాలమ్‌తో ఉన్న బండికి ‘ఇది నడపడానికి కాదు’ అని రాసిపెట్టడం సినిమావాళ్ళ బాధ్యత. మూడో రకం ఇంటి కారు. రవాణా శాఖ కార్యాలయంలో ముందుగా అడిగి, అనుమతి దొరికితేనే కాలమ్ మార్చాలి. అప్పుడు కూడా లొంగే గుణం పెరగాలి తప్ప తగ్గకూడదు. ఒకే తయారీదారు చేసిన పూర్తి భాగం వేయాలి. కోసి అతికిన షాఫ్టు వేయకూడదు.

ఇంకో రెండు మాటలు పెద్దలకు. సొంత కార్లకు 15 ఏళ్ళు నిండాక మళ్ళీ రిజిస్ట్రేషను చేయించుకోవాలి కదా. అప్పుడు పొగ, లైట్లతోపాటు కాలమ్ అతుకులను కూడా కింద నుంచి దీపం పెట్టి చూడాలి. మోటారు మెకానిక్ పని నేర్పే ఐ.టి.ఐ.లలో ‘ఎలా బిగించాలి’ అన్నదాంతోపాటు ‘ఏది బిగించకూడదు’ అన్నది కూడా ఒక పాఠం కావాలి. కృష్ణానగర్ సందులోని కుర్రవాడు ఆ పాఠం వింటే, ఒక్క రోజులో అర్థం చేసుకుంటాడు. అతని చేతిలో పని ఉంది, లోపించినది కారణం చెప్పేవాళ్ళే.

మీ సైకిలు సంగతి

మాకు కారు లేదు, మాకెందుకీ గొడవ అంటారా? మీ సైకిలు దగ్గరికి వెళ్ళండి. హ్యాండిలు కింద ఒక కాడ ఉంటుంది. అది ఫ్రేములోని గొట్టంలోకి దిగి ఉంటుంది. చాలా సైకిళ్ళలో ఆ కాడ మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనిపించేటంత పైకి కాడను లాగకూడదని దానర్థం. పొడుగు పెరిగామనో, దర్జాగా ఉంటుందనో హ్యాండిలు బాగా పైకి లాగి బిగించుకుంటారు. లోపల పట్టు కొంచెమే మిగులుతుంది. గుంటలో పడినప్పుడు కాడ విరిగినా, ఊడినా చేతిలో హ్యాండిలు ఉంటుంది కాని దాని కింద సైకిలు ఉండదు. రేపు బడికి వెళ్ళేముందు ఆ గీత లోపల ఉందో, బయటపడిందో చూడండి. బయట ఉంటే కిందికి దించి బిగించుకోండి. సరిగా దిగకపోతే సైకిలు షాపులో చూపించండి.

ఆ తరువాత మీ ఇంట్లోనో, వీధిలోనో పాత కారు బాగుచేస్తున్నవాళ్ళు ఉంటే వెళ్ళి పని చూడండి. రంగు బాగుందని మెచ్చుకోండి. ఆపైన మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: “బాబాయ్, ఈ కాలమ్ తిరుగుతుంది, ఊగకుండా నిలబడింది. మరి గుద్దితే లొంగుతుందా?” ఆయన దగ్గర జవాబు లేకపోతే బండి కింద దూరి ఇద్దరూ కలిసి చూడండి.